పసుపు స్టిక్కర్ మహిమ

మా ఊరి ఎంపీ ఎవరని అడిగితే మా వీధిలో సగం మంది నీళ్ళు నములుతారు. కౌన్సిలర్ పేరైతే ఆయన ఇంట్లోవాళ్ళకి తెలిస్తే గొప్ప. కానీ సాయంత్రం ఏడింటికి సూపర్‌మార్కెట్లో చిన్న ప్రింటర్ పట్టుకుని పసుపు స్టిక్కర్లు అంటించే కుర్రాడు ఏ ఫ్రిజ్ దగ్గర మొదలెడతాడో, ఏ వారం సెలవులో ఉంటాడో ఊరంతటికీ నోటికొచ్చు. ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వం అంటే నా లెక్కలో అతనే.

సంగతి ఏంటంటే, ఆ రోజుతో గడువు తీరిపోయే సరుకుల ధర తగ్గించి పసుపు స్టిక్కర్ వేస్తారు. మూడు పౌండ్ల కోడి ముప్పావు పౌండుకి దిగుతుంది. మనవాళ్ళయితే పెళ్ళిలో రెండో బంతి కోసం కుర్చీ వెనకే నిలబడి, తింటున్నవాడి ఆకు వంక సిగ్గులేకుండా చూస్తారు, అందులో ఒక నిజాయితీ ఉంది. ఇక్కడ అలా కుదరదు. కుర్రాడి కోసం వచ్చినట్టు ఎవరూ కనపడకూడదు. అందుకని ఒకాయన పెరుగు డబ్బా మీద అక్షరాలు చదువుతుంటాడు, ఒక రిటైర్డ్ టీచరమ్మ పది నిమిషాలుగా అదే కోల్‌స్లా (క్యాబేజీ సలాడ్) డబ్బాని పరీక్ష పేపర్ దిద్దినట్టు చూస్తుంటుంది, నేను చీజ్ దగ్గర ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తుంటాను. మొదటి స్టిక్కర్ పడుతుంది. అంతే, క్యూ కోసం ప్రాణాలిచ్చే ఈ జాతి "సారీ, సారీ" అంటూనే మోచేతులతో దారి చేసుకుంటుంది.

ముహూర్తాలు కూడా ఉన్నాయండోయ్. 1994 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో 280 చదరపు మీటర్లు దాటిన షాపు ఆదివారం ఆరు గంటల సేపే తెరిచి ఉంచాలి, కాబట్టి ఆ రోజు మా దగ్గర మధ్యాహ్నం రెండున్నరకే శుభఘడియ. ఈస్టర్ ఆదివారం పెద్ద షాపులు అసలు తెరవకూడదు. దాంతో ముందురోజు సాయంత్రం మాకు వైకుంఠ ఏకాదశే, ఉత్తర ద్వారం బదులు ఫ్రిజ్ తలుపు.

కొన్నాక ఏ సంచిలో మోశావన్నది ఇంకో గొడవ. ఈ దేశంలో పెద్దింటివాళ్ళు, చిన్నింటివాళ్ళు అన్న తేడా పోయిందని చెప్తుంటారు, వెయిట్రోస్ అనే ఖరీదైన సూపర్‌మార్కెట్ పక్కన ఇల్లు కొనబోయి చూడండి. ఇంగ్లండ్‌లో 2015లో ప్లాస్టిక్ సంచికి 5 పెన్నీలు పెట్టి, 2021లో 10 చేసినప్పటి నుంచి జనం పాత సంచులే మోస్తున్నారు, దాంతో సంచి ఇంటిపేరులా తయారైంది. మా పక్కింటావిడ సరుకులు తెచ్చేది చవక షాపు ఆల్డీ నుంచి, సంచి మాత్రం వెయిట్రోస్‌ది. ఆ సంచి చిరిగిన రోజు ఆవిడ మొహం చూడలేకపోయాను.

2023 ఫిబ్రవరిలో స్పెయిన్, మొరాకోలలో వాతావరణం దెబ్బకొట్టి టమాటాలు రాక, కొన్ని సూపర్‌మార్కెట్లు మనిషికి మూడు ప్యాకెట్లే అన్నాయి. అప్పటి పర్యావరణ మంత్రి థెరీస్ కాఫీ పార్లమెంటులో టర్నిప్‌లని, అంటే ముల్లంగి లాంటి దుంపల్ని, గుర్తు చేశారు. టర్నిప్ చారు! చింతపండు ఉంది కాబట్టి బతికాం గానీ, ఆ పూట దేశాన్ని ఎవరు ఏలుతున్నారో మాత్రం స్పష్టంగా తెలిసింది.

అందుకే నా డిమాండ్: స్టిక్కర్ కుర్రాడి పదవికి ఎన్నిక పెట్టాలి. మా ఊళ్ళో ఓటింగ్ తొంభై శాతం దాటకపోతే నన్నడగండి.

మొన్న మా కుర్రాడు రాలేదు. కొత్తమ్మాయి వచ్చి మూడు పౌండ్ల కోడికి ఇరవై పెన్నీలు తగ్గించి వెళ్ళిపోయింది. డబ్బాలు చదువుతున్నవాళ్ళంతా తలలెత్తి మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నాం. రెండేళ్ళుగా పక్కపక్కనే నిలబడుతున్నా నాతో ఒక్క మాటా మాట్లాడని టీచరమ్మ కోల్‌స్లా కింద పెట్టి, నా వైపు తిరిగి, "ఈ దేశం ఎటు పోతోందో" అంది.