ఆ మెసేజ్ ఇంకొక్కసారి పంపితే గ్రూపులోంచి వెళ్లిపోతా

ఈ వారంలో ఇది ఆరోసారి. "మెదడు పరిశోధన పేరుతో మూగజీవాల హింస! ఒక్క మందూ రాలేదు! కంప్యూటర్లుండగా కోతులెందుకు? ఎలుక మెదడు వేరు, మనిషి మెదడు వేరు! ఆ మందులు వాడితే వాటి ఉసురు తగులుతుంది, నేడే మానేయండి!" పైన ఒక కోతి ఫోటో. ఎప్పటిదో, ఎక్కడిదో పంపినవాళ్లకే తెలీదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

కంప్యూటర్ చాలట. 302 నాడీకణాలున్న ఒక చిన్న పురుగుంది. ఏ కణం దేనితో కలుస్తుందో 1986లోనే మ్యాప్ గీశారు. ఆ పురుగునే ఇప్పటికీ పూర్తిగా కంప్యూటర్లోకి దించలేకపోయారు. మన తలలో ఉన్నవి సుమారు 8,600 కోట్లు. ఇది రాసినాయన దగ్గర ఏ ల్యాప్‌టాప్ ఉందో మరి.

ఒక్క మందూ రాలేదట. 1950ల్లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త రిసర్పిన్ అనే మందు ఇస్తే కుందేళ్లు చెవులు వాల్చేసి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా అనే ఇంకో మందు ఇచ్చాక కాసేపటికే లేచి తిరిగాయి. ఒళ్లు బిగుసుకుపోయి కదలికలు మందగించే పార్కిన్సన్ జబ్బున్నవాళ్లు ఇవాళ మింగే ముఖ్యమైన మందు అదే.

ఇక "నేడే మానేయండి". నిన్న ఒక స్నేహితురాలు ఫోన్ చేసింది. "బాబుకి ఆర్నెల్లుగా ఫిట్స్ రాలేదు కదా, బిళ్లలు ఆపేయనా?" రాకపోవడానికి కారణం ఆ బిళ్లలే కావచ్చు తల్లీ! ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆపాలన్నా డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ అనే మందు సంగతే చూడండి. 1930ల చివర్లో మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు పిల్లులకి ఎంత కరెంటు పెడితే మూర్ఛ వస్తుందో కొలిచారు, మందిచ్చి మళ్లీ కొలిచారు. అప్పటిదాకా ఉన్న మందులు ఫిట్స్‌తోపాటు మనిషినీ మత్తులో ముంచేవి. దీంతో అంత మత్తు లేదు. ఇప్పుడు ఈ బిళ్ల చెత్తబుట్టలో వేస్తే ఆ పిల్లులు లేచొస్తాయా? వాటి ఉసురు సరే, ఆ పిల్లాడి ఉసురు ఎవరికి తగలాలి?

అయితే ఎలుక మెదడు వేరన్నది మాత్రం నిజం. పక్షవాతానికీ అల్జైమర్స్‌కీ ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన మందులు మనుషుల దగ్గరికొచ్చేసరికి వరసగా బోల్తాపడ్డాయి. ఆ ఎలుకలన్నీ ఎందుకు చచ్చినట్టు? నా దగ్గర జవాబు లేదు. చూపు ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి పిల్లికూనల కనురెప్పలు కుట్టేశారని చదివిన రోజు నాకూ నిద్రపట్టలేదు. పసిపిల్లల కంటి శుక్లం తీయడంలో ఆలస్యం చేయకూడదనడానికి బలం చేకూర్చింది ఆ పనే అని తెలిసినా పట్టలేదు.

బాబుకి బిళ్ల వేశాక మెసేజ్ పెట్టమని ఆ స్నేహితురాలికి చెప్పాను. రాత్రి తొమ్మిదింటికి "వేశాను" అని వచ్చింది. దాని కిందే అల్లం రసంతో మెదడు శుభ్రం చేసుకోవడం ఎలాగో ఇంకో ఫార్వర్డ్.