13వ నంబరు వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్యారేజ్ రిటర్న్ గారికి,

నమస్కారాలు. కంప్యూటర్ అక్షరాల పట్టికలో 13వ నంబరు తమరిది, లైను చివర కనబడకుండా కూర్చునే గుర్తు తమరు. తమరు క్షేమమని తెలుసు. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మకాం నా స్క్రిప్టులోనే కదా.

పట్టుమని పన్నెండు లైన్ల కమాండ్ల జాబితా. విండోస్‌లో రాసి లినక్స్ సర్వర్‌కి పంపాను. రన్ చేస్తే ముందు ఒక కోలన్, దాని వెనక 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. ఏ ఫైలు లేదో చెప్పదు. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొడితే స్క్రిప్టు కళ్లెదుటే ఉంది. పర్మిషన్లు మార్చాను, పాత్ చూశాను, కళ్లద్దాలు కూడా తుడుచుకున్నాను. పోనీ అని ముందు బ్యాష్ (స్క్రిప్టుని చదివి నడిపే ప్రోగ్రాము) అని పెట్టి నడిపితే బ్యాకప్ ఫోల్డర్ తయారైంది. అందులోకి వెళ్దామంటే అలాంటిది లేదంది. ఎల్ఎస్‌లో మాత్రం 'బ్యాకప్?' అని కనబడుతోంది. ఆ ప్రశ్న అడగాల్సింది నేను కదండీ!

చివరికి ఫైలుని తెర మీద చూపే క్యాట్‌కి, కనబడని గుర్తుల్నీ చూపమని హైఫన్ ఏ తగిలిస్తే బయటపడ్డారు. ప్రతి లైను చివరా మీరే. మొదటి లైను పిలిచిన ఎన్వ్ (ప్రోగ్రాముని వెతికి నడిపేది) వెతికింది బ్యాష్‌ని కాదు, తోకగా మీరు తగులుకున్న బ్యాష్‌ని. అది దొరకలేదని పాపం పేరు పెట్టి మరీ చెప్పింది. మీరేం చేశారు? కర్సర్‌ని లైను మొదటికి లాక్కెళ్లి, ఆ పేరు మీదే మిగతా మాటలు పడేలా చేశారు. దొంగతనం చేసి, ఫిర్యాదు కాగితాన్నీ చెరిపేసే దొంగని ఇప్పుడే చూశాను.

టెలిటైప్ రోజుల్లో మీకు పని ఉండేది, కాదనను. అచ్చు తలని ఎడమ అంచుకి తేవడం మీ వంతు, కాగితాన్ని పైకి జరపడం 10వ నంబరు లైన్ ఫీడ్ వంతు. లినక్స్‌కి నమూనా అయిన యునిక్స్ 10తో సరిపెట్టుకుంది. డాస్ ఇద్దరినీ ఉంచుకుంది, విండోస్‌కి అదే ఆస్తి. పాత మ్యాక్ మిమ్మల్ని ఒక్కరినే నమ్ముకుని, ఓఎస్ టెన్ వచ్చాక వదిలించుకుంది. ఆ బండే లేదిప్పుడు, ఇంకా ఎక్కడికయ్యా తిరిగి రావడం?

మిగతావాళ్లు బుద్ధిమంతులని కాదు. మ్యాక్‌లో బ్యాష్ 3.2 అనే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఫైల్లో మాటలు మార్చే సెడ్‌కి, ఆ ఫైల్లోనే మార్చమని హైఫన్ ఐ ఇస్తే, పక్కనున్న కమాండ్‌నే ఎక్స్‌టెన్షన్ అనుకుని మింగేస్తుంది. ఉబుంటు అనే లినక్స్‌లో ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్ అనే వేరే ప్రోగ్రాము. విండోస్ పాత పవర్‌షెల్‌లో కర్ల్ (వెబ్ నుంచి ఫైళ్లు తెచ్చే కమాండ్) అంటే అసలు కర్ల్ కాదు, ఇంకో కమాండ్‌కి మారుపేరు. అయినా వాళ్లు తన్నేది ఎదురుగా నిలబడి. నువ్వు? కనబడవు, వినబడవు, బ్యాక్‌స్పేస్ కొట్టడానికి కూడా చిక్కవు. నాలుగు గంటలు తిన్నావు కదరా!

ఆ కోపంలోనే రాత్రి ప్రాజెక్టు మొత్తం మీద డాస్‌టుయునిక్స్ అనే ప్రోగ్రాము నడిపి, నిన్ను వేళ్లతో సహా పీకేశాను. హాయిగా పడుకున్నాను.

ఇవాళ పొద్దున విండోస్‌లో బ్యాచ్ ఫైలు (అక్కడి స్క్రిప్టు) నడిపితే, లేబుల్ (ఏ లైనుకి దూకాలో చెప్పే పేరు) దొరకలేదంది. లేబుల్ అక్కడే ఉంది. నిన్నటి అనుభవం కాబట్టి ఈసారి ఐదు నిమిషాల్లో తెలిసింది: అక్కడ తమరు లేరు.

తమరిని తిరిగి చేర్చే యునిక్స్‌టుడాస్ నడిపాను. ఆ ఒక్క ఫైలు వరకూ దయచేసి కూర్చోండి. కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌కి సూచనలిచ్చే గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో తమరి పేరిట ఒక లైను కూడా రాశాను.

ఇట్లు,
బ్యాకప్? ఫోల్డర్‌ని ఇంకా తీసెయ్యని
తమ విధేయుడు