రొట్టె క్యూలను వదిలేస్తే ఎలా?

రాజకుటుంబం మీద పలుకుబడి ఉన్న సాధువు రస్పుతిన్ వల్లే రష్యాలో జార్ (చక్రవర్తి) పాలన కూలిపోయిందన్నట్టు రాశారు నేను చదివిన ఒక వ్యాసంలో. నాకది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అతన్ని 1916 డిసెంబరులోనే చంపేశారు. అయినా రెండున్నర నెలలు తిరక్కుండానే విప్లవం వచ్చింది కదా!

అసలు జనానికి జార్ మీద నమ్మకం 1905లోనే పోయింది. దేవుడి పటాలు, జార్ బొమ్మలు పట్టుకుని అర్జీ ఇవ్వడానికి వచ్చిన కార్మికుల మీద సైన్యం కాల్పులు జరిపింది. తర్వాత డ్యూమా (పార్లమెంటు) ఇచ్చారు, దాని అధికారాలూ కత్తిరించారు. ఆపైన ప్రపంచ యుద్ధం. 1915లో జార్ నికొలస్ స్వయంగా సేనాధిపతి అయ్యాడు, ఇక ప్రతి ఓటమీ ఆయన ఖాతాలోకే.

1917 మార్చి 8న, పాత క్యాలెండర్ ప్రకారం ఫిబ్రవరి 23న, అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం సమ్మెకు దిగారు. గంటల తరబడి క్యూలో నిలబడి, ఆపైన మిల్లులో పనిచేసేది వాళ్లే. వ్యాసంలో వాళ్ల గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నిజంగా బాధేసింది. నాలుగు రోజుల తర్వాత వొలిన్‌స్కీ రెజిమెంట్ సైనికులు, ముందురోజు జనం మీద కాల్పులు జరిపినవాళ్లే, తిరగబడ్డారు. నా దృష్టిలో జార్ పని అక్కడే అయిపోయింది. మార్చి 15న నికొలస్ గద్దె దిగాడు. తమ్ముడు మిఖాయిల్ మర్నాడే కిరీటం వద్దన్నాడు.