పీక్ మనది కాదు

మిశ్రమంలోని పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రం తెర మీద మరీ అందమైన పీక్ (పదార్థం బయటికొచ్చినప్పుడు గీతలో లేచే శిఖరం) కనబడితే ముందు దాన్నే అనుమానించాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి అంత ఓపిక ఎక్కడిది? పదార్థాలను విడగొట్టే సీ18 కాలమ్, అందులో పారే ఎసిటోనైట్రైల్ సాల్వెంట్, నీళ్లు, 254 నానోమీటర్ల దగ్గర డిటెక్టర్, అన్నీ పద్ధతిగానే పెట్టాడు. రెండో నిమిషంలోపే ఏదో గడ్డలా లేచింది. "సాల్వెంట్‌లే" అని దాన్ని వేస్ట్ బాటిల్లోకి వదిలేశాడు. చివర్లో నిటారుగా ఒక్కటే పీక్. దాన్ని మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వయల్లోకి పట్టి, ఆరబెట్టి, మిగిలిన నూనె చుక్కను అందరికీ తిప్పి చూపించాడు.

అణువు నిర్మాణం పట్టిచ్చే ఎన్‌ఎంఆర్ తీశాడు. 7.26 దగ్గర క్లోరోఫాం, 2.17 దగ్గర ట్యూబు కడిగిన ఎసిటోన్. ఈ ఇద్దరూ పిలవకపోయినా వచ్చేవాళ్లే. "బెంజీన్ రింగ్ ఉంది, ఆక్సిజన్ పక్కన సీహెచ్2 ఉంది, ఇంకేం కావాలి?" అన్నాడు. గ్రాఫ్‌లో కుడిపక్క లెక్కకు మించి ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్లు, ఉన్నాయేమిటంటే "గ్రీజు" అన్నాడు. ల్యాబ్‌లో అర్థంకాని ప్రతిదానికీ పాపం గ్రీజే బాధ్యురాలు.

అణువు బరువు తూచే మాస్‌లో 312 రావాలి. 391 వచ్చింది. ఇంకొకరైతే అక్కడే తల పట్టుకునేవారు, మనవాడు కాలిక్యులేటర్ పట్టుకున్నాడు. తేడా 79. రియాక్షన్‌లో వాడిన పిరిడిన్ బరువు కూడా 79! "నా మాలిక్యూల్‌కి పిరిడిన్ అతుక్కుంది" అని పేపర్‌కి టైటిల్ కూడా రాసేసుకున్నాడు. మరి ఎన్‌ఎంఆర్‌లో పిరిడిన్ ఏదీ? "కాస్త మొహమాటంగా ఉన్నట్టుంది" అని నవ్వేశాడు.

మేడమ్ వచ్చి కాగితం వంక ఒక్కసారి చూశారు. "391, 279, 149. ఇది థాలేట్, బాబూ. ప్లాస్టిక్ మెత్తబడ్డానికి కలుపుతారే, అది. సాల్వెంట్ దేంతో తోడావు?"

కుర్రాడు చేతిలోని ప్లాస్టిక్ గొట్టాన్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

"ఉత్త సాల్వెంట్ ఒకసారి ఇంజెక్ట్ చెయ్యి."

చేశాడు. మొదటి గడ్డ మాయం. చివరి పీక్ మాత్రం ఎప్పటిలాగే నిటారుగా నిలబడింది. అంటే అంత ధీమాగా పారబోసిందే అసలు కాంపౌండు!

ఒక్క ఉదుటున వేస్ట్ బాటిల్ దగ్గరికి పరిగెత్తాడు. "ఇందులో ఇంకెవరైనా ఏమైనా పోశారా?"

ఎవరూ నోరు మెదపలేదు. అతని కాంపౌండుకి రంగే లేదు. బాటిల్లో ఉన్నది మాత్రం ముదురాకుపచ్చగా, అడుగున తెల్లటి పొడితో, కొంచెం నురగ కక్కుతూ ఉంది.