డోరియన్ కాదంటే కాదనే!

‘డ్రాగన్ ఏజ్: ద వీల్‌గార్డ్’ అనే వీడియో గేమ్ అనుకున్నంతగా ఆడలేదు. 2024 అక్టోబరు 31న విడుదలైతే, డిసెంబరు ఆఖరుకి దాదాపు 15 లక్షల మంది ఆడారని, అది తమ అంచనాలో ఇంచుమించు సగమేనని దాన్ని విడుదల చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీయే చెప్పుకుంది. అంతే, తప్పంతా తీసుకెళ్లి టాష్ నెత్తిన పెట్టేశారు. టాష్ అంటే ఆ గేమ్‌లో డ్రాగన్లను వేటాడే పాత్ర, కథ నడుస్తుండగా తను ఆడా కాదు మగా కాదు, నాన్‌బైనరీ అని తెలుసుకుంటుంది. ‘ఇలాంటివి మా మీద రుద్దితే ఇంతే’ అని ఒక పక్షం. ఆ పాత్రలో ఏ లోపం చూపించినా ‘నీది ద్వేషం’ అని రెండో పక్షం. మాకైతే రెండూ బద్ధకపు వాదనలే.

అమ్మకాల సంగతి ముందు తేల్చేద్దాం. 2023లో బెల్జియం కంపెనీ లారియన్ తెచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లో మనం ఆడుతున్నది ఆడ పాత్ర అయినా మగ పాత్ర అయినా ముఖ్య సహచరుల్లో నచ్చినవాళ్లను ప్రేమించొచ్చు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. గే పాత్రలుంటే జనం కొనరన్న లెక్క అక్కడ ఎందుకు తప్పింది? వీల్‌గార్డ్‌నేమో కొన్నేళ్లు ఆన్‌లైన్ మల్టీప్లేయర్‌గా తయారుచేసి, ఆ తర్వాత ఒక్కరే ఆడుకునే గేమ్‌గా తిప్పి కట్టారు. ఈ తడబాటు గురించి మాట్లాడటం కన్నా టాష్‌ను తిట్టడం తేలిక కాబట్టి తిడుతున్నారు.

అసలు మాట్లాడాల్సింది పాత్రల్ని ఎలా రాశారన్నది. వీల్‌గార్డ్‌ను తయారుచేసిన కెనడా కంపెనీ బయోవేరే, ఇదే డ్రాగన్ ఏజ్ వరసలో 2014లో ‘ఇంక్విజిషన్’ తెచ్చింది. అందులో క్రెమ్ ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, తను మగవాడినని తెలిసి అలాగే బతికేవాడు), కిరాయి సైనికుల దళంలో నాయకుడి తర్వాతివాడు. ముందు అతను మనకు ఆ దళం మనిషిగా పరిచయమవుతాడు, తన కథ మనం అడిగితే చెబుతాడు, ఒకప్పుడు అతన్ని కాపాడబోయి ఆ నాయకుడు ఓ కన్ను పోగొట్టుకున్నాడని తెలిసేసరికి మనం అతని పక్షాన ఉంటాం. టాష్ దగ్గరికి వచ్చేసరికి ఒక పాత్ర పొరపాటున ‘ఆమె’ అనేసి, ప్రాయశ్చిత్తంగా పుషప్స్ తీస్తుంది. ఆటలోంచి లేచి తరగతి గదిలో కూర్చున్నట్టుంటుంది! తమాషా ఏంటంటే క్రెమ్‌నీ టాష్‌నీ రాసింది ఒకరే, ట్రిక్ వీక్స్. కాబట్టి ఇక్కడ తేడా ఉద్దేశంలో లేదు, పనితనంలోనే ఉంది. 2016లో వేరే కంపెనీ తెచ్చిన ‘సీజ్ ఆఫ్ డ్రాగన్‌స్పియర్’ గేమ్‌లో మిజేనా అనే ట్రాన్స్ పూజారిణి రెండు మూడు మాటల్లోనే తన గతమంతా చెప్పేస్తే ఆ గేమ్ రచయిత్రిని జనం వేటాడినట్టు వేధించారు. పాత్రను ఇంకాస్త పెంచి ఉండాల్సిందని తయారీదారులే తర్వాత అన్నారు. అది విమర్శ. అంతకు ముందు జరిగింది మాత్రం వేధింపే, ఈ రెంటినీ కలిపేసి మాట్లాడితే కుదరదు.

ఇంకో మాట. అందరూ అందరికీ దొరకడం గొప్ప ప్రాతినిధ్యమని మేం అనుకోవడం లేదు. 2011లో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్ 2’లో అసలు గేమ్‌లోనే ఉన్న ప్రేమపాత్రలు నలుగురూ ఆడ మగ తేడా లేకుండా హీరోని ప్రేమించగలరు. ఆండర్స్ అనే మగవాడు మగ హీరోతో సరసమాడితే, కాదన్నందుకు అతనితో వైరం పాయింట్లు (సహచరులతో స్నేహాన్నీ వైరాన్నీ ఆ గేమ్ పాయింట్లతోనే లెక్కేస్తుంది) పెరిగేవి. దానిమీద అప్పట్లో విసుక్కున్నవాళ్లందరూ ద్వేషులు కారు, మర్యాదగా కాదంటే శిక్షేమిటన్న ప్రశ్న సబబే. ఇంక్విజిషన్‌లో డోరియన్ దీనికి పూర్తి వ్యతిరేకమైన పాత్ర. అతనికి మగవాళ్లే ఇష్టం, ఆడ హీరో ఎంత చనువు చూపించినా స్నేహం దగ్గరే ఆగుతాడు. అతన్ని ‘మార్చడానికి’ తండ్రి రక్తమంత్రం ప్రయోగించబోయాడన్న కథ, ఆ కాదనడానికి వెనక ఉంది. పాయింట్లు ఎన్ని పోగేసినా లొంగని మనిషి కాబట్టే మనిషిలా అనిపిస్తాడు.

ఆ డోరియన్ మన దేశానికి మాత్రం సక్రమంగా రాలేదు. 2014 నవంబరులో ఇక్కడి చట్టాలకు అడ్డు రాకూడదంటూ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ గేమ్‌ను భారత్‌లో అమ్మకం నుంచి తీసేసింది, ముందే బుక్ చేసుకున్నవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామంది. నిషేధించమని సర్కారు ఉత్తర్వేమీ ఇవ్వలేదు, కంపెనీయే వెనక్కి తగ్గింది. ఏ సన్నివేశం అడ్డొచ్చిందో చెప్పలేదు. అంతకు ఏడాది ముందే, 2013 డిసెంబరులో, సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది కాబట్టి జనం అనుమానం అటే పోయింది. 2018 సెప్టెంబరు 6న అదే కోర్టు, ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధాలు నేరం కాదని తేల్చింది. కాబట్టి ఇకపై ఏ కంపెనీ అయినా ఇక్కడ ఒక గేమ్‌ను ఆపినా, అందులోంచి ఓ పాత్రను కోసేసినా, ఏ చట్టంలోని ఏ సెక్షన్ ప్రకారమో కొనేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి.