నెట్ కేబుల్ జాక్ మీది క్లిప్పు గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ క్లిప్పు గారికి,

చిక్కడపల్లి నుంచి మీ వినియోగదారుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరు విరిగి చాలా రోజులైంది కాబట్టి తమరి క్షేమం అడిగే పని లేదు.

ఇంతవరకే మర్యాద. ఇక నుంచి నువ్వు.

నెట్ నెమ్మదిగా ఉందని ఫోన్ చేయడమే నేను చేసిన తప్పు. రికార్డు చేసిన ఒక తియ్యటి గొంతు రౌటర్ ఆపి ఆన్ చేయమంది, చేశాను. కేబుల్ ఒకసారి తీసి పెట్టమంది. తీద్దామంటే నిన్ను నొక్కడానికి బొటనవేలు పడితేగా! అటు ఒక జాక్, ఇటు అడాప్టర్ పిన్ను, మధ్యలో గోరంత సందు. పెన్ను క్యాప్‌తో నొక్కాను. ‘టప్’ అంది. ఆ తరవాత నువ్వు టేబుల్ కింద ఎక్కడో దొరికావు, చేప ముల్లులా. కనెక్టర్ల ప్రమాణాల ప్రకారం 750 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలట. నిన్ను నేను ఎన్నిసార్లు తీశానో ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను.

విరిగిన సంగతి కూడా వెంటనే తెలియనివ్వవు చూడు, అదీ నీ గొప్ప. రాత్రంతా నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నరకు మేనేజర్‌కి స్క్రీన్ షేర్ చేసి చూపిస్తుంటే, వెనకాల అమ్మ ఊడుస్తోంది. చీపురు వైరుకు తగిలిందో లేదో, మేనేజర్ మొహం నోరు తెరిచిన చోటే ఆగిపోయింది. వెళ్ళి చూస్తే జాక్ పోర్టులోంచి నువ్వుగింజంత బయటికొచ్చి కూర్చుంది. నొక్కితే లైటు వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. అమ్మ చీపురు పట్టుకునే నిలబడి, “నేనేం ముట్టుకోలేదురా” అంది. నిజమే, దాదాపుగా.

ఆ వారం మా ఇంట్లో జరిగిన వైద్యం నీకు తెలియాలి. అగ్గిపుల్ల దోపాను. కిరాణా బిల్లు మడిచి కుక్కాను. రబ్బర్ బ్యాండ్ చుట్టాను. అన్నీ పనిచేశాయి, అమ్మ ఊడ్చేదాకా. మధ్యలో ఒకరోజు నెట్ వస్తోంది గానీ స్పీడు వంద దాటడం లేదు, నేను కట్టేది మూడు వందల ఎంబీపీఎస్ ప్లాన్‌కి. జాక్ కొంచెం ఒరిగి ఒకటో రెండో తీగలు సరిగ్గా తగలడం లేదన్నమాట. వంద ఎంబీపీఎస్‌కి ఎనిమిది తీగల్లో నాలుగు చాలు, అంతకు మించాలంటే ఎనిమిదీ తగలాలి. డబ్బు కట్టేటప్పుడు మాత్రం నాలుగు తీగల బిల్లు, ఎనిమిది తీగల బిల్లు అని వేరువేరుగా ఉండవు.

అసలు నీ పుట్టుక విచారిస్తే తప్పంతా నీది కాదేమో అనిపిస్తుంది. నువ్వు టెలిఫోన్ వాళ్ళింటి బిడ్డవి. అమెరికాలో ఫోన్ తీగల కోసం నిన్ను చేశారు. హాల్లో ఒక మూల ఉండే ఫోన్‌ని ఎవరు రోజూ పీకి పెడతారు? 1990లో మెలితిప్పిన రాగి తీగల మీద ఈథర్‌నెట్, అంటే కంప్యూటర్లను వైర్లతో కలిపే పద్ధతి, నడిపే ప్రమాణం వచ్చాక నిన్ను కంప్యూటర్లకు దత్తత ఇచ్చేశారు. నిన్ను అందరం ఆర్‌జే45 అంటాం, ఆ పేరూ నీది కాదు. అసలు ఆర్‌జే45 మోడెమ్ కోసం చేసిన వేరే ఫోన్ జాక్, దాని ప్లగ్గు నీ పోర్టులో పట్టను కూడా పట్టదు. పరాయి ఇంట్లో పరాయి పేరుతో బతుకుతున్నావు. జాలే. కానీ నా మేనేజర్‌కి ఇదంతా చెప్పలేను కదా.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్ళాను. అక్కడ నీకు కట్టుడు పళ్ళు అమ్ముతారని అప్పుడే తెలిసింది. విరిగిన జాక్ మీద పైనుంచి తొడిగే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. కొని తెచ్చి తొడిగితే టక్కున పట్టింది. సంబరపడి అమ్మకు చూపించాను. “బాగుందిరా” అని వేలితో అలా తట్టింది. ఊడి కింద పడింది. కట్టుడు పళ్ళు కదా, జంతికలు కొరకకూడదు.

చివరికి టెక్నీషియన్ వచ్చాడు. రౌటర్ వైపు చూడకుండానే, “క్లిప్ ఇరిగింది సార్. కొత్త జాక్ కొట్టాలె” అన్నాడు. రెండు అంగుళాలు కత్తిరించి, పై తొక్క ఒలిచి, ఎనిమిది తీగలు విడదీసి సవరించాడు. తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్. సంధ్యావందనం చదివినట్టు చదివాడు. జాక్‌ని వైరుకి బిగించే క్రింపర్‌తో ఒక్క నొక్కు. మూడు నిమిషాలు. చాయ్ తాగడానికి పది నిమిషాలు.

అది చూసి నాకు ధైర్యం రావడం నా కర్మ. నాలుగో రోజు టేబుల్ జరుపుతూ మళ్ళీ విరగ్గొట్టాను. ఈసారి నేనే కొడదామని క్రింపర్, పది జాకులు, నిన్ను కాపాడే రబ్బరు బూట్లు కొనుక్కొచ్చాను. తీగలు వరసగా పేర్చాను, జాక్‌లోకి తోశాను, వెలుతురుకి పట్టి రంగులు రెండుసార్లు చూసుకున్నాను, నొక్కాను. టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు దీపావళిలా వెలిగాయి. అప్పుడు కనబడింది, టేబుల్ మీద రబ్బరు బూటు. జాక్ కొట్టకముందే దాన్ని వైరుకి ఎక్కించి ఉంచుకోవాలి. పెళ్ళయ్యాక జాతకాలు చూసుకున్నట్టయింది నా పని. మళ్ళీ కత్తిరించాను. ఇంకో రెండు అంగుళాలు. ఆ తరవాత పచ్చ, నీలం తారుమారు చేసి ఇంకో రెండు.

2025 ఆగస్టులో నగరంలో స్తంభాల మీది కేబుళ్ళు కోసేసినప్పుడు నెట్ పోయిందంటే ఒక లెక్క. పేపర్లో వచ్చింది, ఆఫీసులో అందరికీ తెలుసు, లీవు పెట్టినా అడిగినవాడు లేడు. ఇప్పుడు “క్లిప్పు విరిగింది సార్” అంటే హెయిర్ క్లిప్పా అని అడిగాడు మా మేనేజర్.

ఇంతకీ నీకు రాయడానికి కారణం వేరే ఉంది. మా వైరు మెట్ల దగ్గరి పెట్టెలోంచి కిటికీ సందున ఇంట్లోకి వస్తుంది. మొదట్లో రౌటర్ హాల్లో టీవీ పక్కన, దర్జాగా ఉండేది. ఒక్కో జాక్‌కి రెండేసి అంగుళాలు పోయేసరికి షూ స్టాండ్ మీదికి వచ్చింది, అక్కణ్ణుంచి కిటికీ గూట్లోకి. వాన పడితే దానికి పాలిథిన్ కవర్ కప్పుతున్నాం. టెక్నీషియన్ మొన్న చూసి, “వైర్ శాన పొట్టిగైంది సార్” అని మాత్రం చెప్పి పోయాడు.

నా దగ్గర జాకులు ఇంకా ఏడున్నాయి.

ఇట్లు,
నీ వల్ల వైరు పొట్టిగైనవాడు

తా.క.: వచ్చేసారి రౌటర్‌ని మెట్ల మీద పెట్టుకోవచ్చా అని వాచ్‌మన్‌ని అడిగాను. చెప్పుల స్టాండ్ పక్కన అయితే ఫర్వాలేదన్నాడు, పాస్‌వర్డ్ తనకూ చెప్పాలట.