సాంతా మోనికా ఎందుకు కూలలేదు?

పాత గోవా వెళ్లినవాళ్లు కూలిన అగస్టీనియన్ సన్యాసుల చర్చి గోపురం ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు. దానికి కూతవేటు దూరంలో చెక్కుచెదరక నిలిచిన సాంతా మోనికా కన్యాస్త్రీల మఠం వైపు తొంగి చూసేవాళ్లు తక్కువ. అసలు చూడాల్సింది దాన్నే.

ఆర్చిబిషప్ అలెక్సో దె మెనెజెస్ చొరవతో 1606లో మొదలై 1627కు పూర్తయింది. 1636లో కాలిపోతే మళ్లీ కట్టారు. మన మండువా లోగిలిలా నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ వసారాలు, వాటి వెంట గదులు, మొత్తం మూడంతస్తులు. పడమటి గోడకు బయటి నుంచి భారీ ఆనుగోడలు.

1834లో పోర్చుగల్ మత సంఘాలను రద్దు చేసింది. సన్యాసులను వెళ్లగొట్టారు. కన్యాస్త్రీలను మాత్రం, కొత్తవారిని చేర్చుకోకూడదన్న షరతుతో, బతికినంత కాలం ఉండనిచ్చారు. ఫలితం చూడండి. ఖాళీ అయిన సన్యాసుల చర్చి కప్పు 1842లోనే కుప్పకూలింది. ముఖభాగం, గోపురంలో సగం 1931లో నేలకొరిగాయి. సాంతా మోనికాలో చివరి కన్యాస్త్రీ 1885లో కన్నుమూశారు. ఆ తర్వాత సైనికులు, 1964 నుంచి మళ్లీ కన్యాస్త్రీల విద్యాసంస్థ, చర్చి భాగంలో క్రైస్తవ కళా మ్యూజియం. కొండ అదే, ఎర్రటి లేటరైటు రాయి అదే. తేడా లోపల మనుషులు ఉండటంలోనే ఉంది.

లేటరైటు ఒళ్లంతా రంధ్రాలే. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోట దానికి సున్నపు పూతే చర్మం. ఆ పూత ఊడిన చోటల్లా వెంటనే అతుకు వేయాలి. అది లోపల నివసించేవాళ్ల కంటికే ముందు కనబడుతుంది. అక్కడికి దగ్గర్లోనే ఉన్న బోమ్ జీసస్ బసిలికా చర్చికి రాయి కనబడితే అందమని 1950లలో పూత ఒలిచేశారు. ఇప్పుడు ఆ రాయి వానకు అరిగిపోతోంది.

వాడకం వల్లే కట్టడాలు పాడవుతాయని కొందరు నిపుణులంటారు. సైనికుల బ్యారక్‌గా మారిన మఠం మఠంలా మిగలదన్నది నిజమే. కానీ చెడిన గదిని బాగుచేసుకోవచ్చు, కూలిన కప్పును తిరిగి తేలేం.

ఈ మాట హైదరాబాద్‌కూ వర్తిస్తుంది. వార్డుల్లోకి వాన నీరు వచ్చాక 2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని ఖాళీ చేయించారు. రోగుల ప్రాణాల కోసం అది తప్పనిసరి. అయితే తాళం వేసి పెట్టడం సంరక్షణ కాదు. కప్పు బాగుచేసి గ్రంథాలయమో, వైద్య విద్యార్థుల తరగతులో, మ్యూజియమో, ఏదో ఒకటి అందులో నడపాలి. ఆ నిర్ణయానికి ఇంకో వానాకాలం ఆగనక్కర్లేదు.